అనంతపురం రుద్రంపేట బైపాస్ దగ్గర వర్క్‌షాప్: పొద్దున పూట వచ్చే సైలెన్సర్ చప్పుడు పట్టుకున్నారు

నాది సెకండ్ హ్యాండ్‌లో కొన్న జర్మన్ టూ సీటర్, ఆరు సిలిండర్లు, సైలెన్సర్‌లో తెరుచుకుని మూసుకునే వాల్వ్ ఉండే రకం. పొద్దున మొదటి స్టార్ట్‌కి వెనక నుంచి రేకు అదిరినట్టు జర్ర్‌మని చప్పుడు, నిమిషంలో మాయం, ఇక రోజంతా ఏమీ ఉండదు. బెంగళూరులో ఒక పెద్ద సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే, హైవే మీద 200 కిలోమీటర్లకు పైగా వచ్చి కాలిపోతున్న ఇంజన్‌ను స్టార్ట్ చేసి విని, స్కానర్ పెట్టి, ఎర్రర్ కోడ్ లేదు కాబట్టి ప్రాబ్లమే లేదన్నారు. గట్టిగా అడిగితే టాపెట్ (ఇంజన్ లోపలి వాల్వ్‌లను కదిపే భాగం) అయ్యుండొచ్చు, ఇంజన్ విప్పి చూద్దామన్నారు. నాకు టెన్షన్ పట్టుకుంది.

ఇక్కడ అనంతపురం వర్క్‌షాప్‌లో పెద్ద మెకానిక్ బానెట్ కూడా ఎత్తలేదు. "రాత్రికి ఈడే పెట్టి పోన్నా, బాగా చల్లారితేనే అది పలుకుతాది" అన్నాడు. అనంతపురం ఎండల్లో చల్లారడం ఏంటని నవ్వకండి, 90 డిగ్రీల దగ్గర పనిచేసే ఇంజన్‌కి 28 కూడా చలే. అలా చల్లగా ఉన్నప్పుడు పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ తొందరగా వేడెక్కాలని బండి కంప్యూటర్ ఐడిల్‌ను (యాక్సిలరేటర్ తొక్కనప్పటి ఇంజన్ స్పీడ్) 1200 ఆర్‌పీఎం పైకి లేపి, ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి జరిపి, అంటే స్పార్క్ కాస్త ఆలస్యంగా కొట్టించి, కాసేపు వేడి పొగను సైలెన్సర్ వైపు ఎక్కువగా తోస్తుంది. నా చప్పుడు వచ్చేది సరిగ్గా ఆ కాసేపే.

దొరికేది ఒక్క నిమిషం కాబట్టి ఎవరు ఏం చూడాలో ముందే మాట్లాడుకున్నారు, అది నాకు బాగా నచ్చింది. ఒకతను తాళం దగ్గర, ఒకతను స్టెతస్కోప్‌తో ఇంజన్ దగ్గర, పెద్దాయన బండి వెనక కింద పడుకుని. టాపెట్ అయితే టిక్ టిక్ ఇంజన్ పైభాగంలో గట్టిగా వినపడాలి, అక్కడేమీ లేదు. మానిఫోల్డ్ (ఇంజన్ నుంచి పొగ బయటికొచ్చే మొదటి పైపులు) ప్యాకింగ్ లీకైనా చల్లగా ఉన్నప్పుడే చప్పుడు కొడుతుంది, ఇనుము వేడికి సాగి సందు మూసుకున్నాక ఆగిపోతుంది, అందుకే టాపెట్ చప్పుడుకీ ఈ లీక్ చప్పుడుకీ తికమక పడతారు. తడిగుడ్డతో సైలెన్సర్ మూతిని కాస్త అడ్డుకుని విన్నారు, ముందు నుంచి బుస్సుమనలేదు, కాబట్టి లీక్ కాదు. వేడికి అడ్డంగా ఉండే రేకును, అదే హీట్ షీల్డ్‌ను, కర్రతో నొక్కినా చప్పుడు మారలేదు. చివరికి సైలెన్సర్ వాల్వ్‌ను తిప్పే కడ్డీ, అంటే షాఫ్ట్ కొసను ప్లయర్‌తో పట్టుకోగానే టక్కున ఆగింది! వదిలితే జర్ర్, పట్టుకుంటే నిశ్శబ్దం.

ఇంజన్ ఆపి ఆ వాల్వ్‌ను తిప్పే చిన్న మోటార్ ఊడదీసి చూపించారు. షాఫ్ట్ కూర్చునే గొట్టం లాంటి బుష్ అరిగి షాఫ్ట్ వేలితో కదిపితే ఆడుతోంది. మోటార్ మాత్రం బాగుంది, చెప్పిన చోటికి తిరుగుతోంది. కంప్యూటర్‌కి తెలిసేది మోటార్ సంగతే, బుష్ అరుగుదల దానికెలా తెలుస్తుంది? కోడ్ రాకపోవడానికి కారణం అదీ. ఇంజన్ వేడెక్కాక అదే 1200 దగ్గర రేస్ నిలిపి ఉంచితే చప్పుడు సన్నగా మళ్లీ వచ్చింది కూడా, అంటే ఆ అదురు ఆ స్పీడ్‌కే పుడుతోంది.

నా బండిలో వాల్వ్ సైలెన్సర్‌లోనే వెల్డ్ అయి ఉంటుంది, కొత్తది కావాలంటే సైలెన్సర్ మొత్తం మార్చాలి, లక్షల్లో మాట. వీళ్లు షాఫ్ట్‌కీ మోటార్‌కీ మధ్య స్టీల్ వాషర్, గట్టి స్ప్రింగ్ వేసి, మామూలు గ్రీజు ఆ వేడికి కాలిపోతుందని రాగి గ్రీజు రాసి బిగించారు. చెకింగ్‌తో కలిపి 6,500. బుష్ కొత్తది కాదు కాబట్టి ఇది శాశ్వతం కాదని వాళ్లే చెప్పారు. కనెక్టర్ పీకేసి వాల్వ్ తెరిచే వదిలేద్దామా అంటే ఒప్పుకోలేదు, హైవే మీద బొయ్యిమని మోత తలనొప్పి తెప్పిస్తుందట, ఇంజన్ లైట్ కూడా వెలగొచ్చట.

ఇక తిట్టాల్సినవి. ఫోన్ ఎత్తరు. బిల్లు అడిగితేనే ఇస్తారు, అదీ చేతిరాతతో. కూర్చోడానికి రెండు ప్లాస్టిక్ కుర్చీలు, బైపాస్ దుమ్మంతా మీదే. గేటు దగ్గర ఎత్తు బాగా ఎక్కువ, కిందికుండే కారైతే ముందు బంపర్ గీసుకుంటుంది, చెక్కలు వేయమని ముందే అరవాలి, నేను అరిచాను. నా రేటింగ్ ఐదుకి నాలుగు. చప్పుడు పొద్దున మాత్రమే వచ్చే బండైతే ముందురోజు సాయంత్రమే ఇచ్చేయండి, పొద్దున నడిపి తీసుకెళ్తే పని జరగదు.