ట్యాకిలా, టచ్చా? ఇంగ్లండ్‌లో పిల్లల్ని రగ్బీకి పంపేవాళ్ళకి ఏది మేలు?

సెప్టెంబర్ వచ్చిందంటే చాలు, మా తెలుగు వాళ్ళలో ఎవరో ఒకరు నన్ను పట్టుకుంటారు. "అక్కా, మావాడు అండర్ 8 దాకా ట్యాగ్ ఆడాడు, ఇప్పుడు ట్యాకిల్ మొదలంట, పంపాలా మాన్పించాలా, టచ్ రగ్బీ అని వేరే ఉందంట కదా, అది మేలా?" (అండర్ 8 అంటే ఎనిమిదేళ్ళ లోపు పిల్లల జట్టు. ట్యాకిల్ అంటే బంతి పట్టుకున్నవాణ్ణి చేతులతో చుట్టి కింద పడేయడం, ట్యాగ్‌లో, టచ్‌లో అది ఉండదు.) ఒక్కొక్కళ్ళకి వాయిస్ మెసేజ్‌లు పెట్టీ పెట్టీ గొంతు పోయింది, పైగా ఈ ఏడు మా పాప కూడా అండర్ 9కి వచ్చింది, మా ఇంట్లోనూ మళ్ళీ అదే పంచాయితీ నడిచింది, అందుకని అంతా ఒకేసారి రాసేస్తున్నా. ఇదంతా ఇంగ్లండ్ లెక్క. స్కాట్లండ్, వేల్స్ వాళ్ళు మీ క్లబ్బులో అడగండి.

మేము రెండు దార్లూ తొక్కాం. బాబుని ట్యాకిల్ మొదలవ్వగానే మాన్పించి టచ్‌లో వేశాం. పాపని ట్యాకిల్‌కి పంపిస్తున్నాం. "మగపిల్లాణ్ణి ఆపి ఆడపిల్లని తోస్తారా, ఎక్కడి చోద్యమే ఇది" అని మా అత్తగారు తెనాలి నుంచి వీడియో కాల్‌లో ఏడాది పాటు అంటూనే ఉన్నారు.

బాబుని ఎందుకు ఆపామో ముందు చెప్తా, ఎందుకంటే ఆ భయం ఉత్తుత్తి భయం కాదు. 2003లో ఇంగ్లండ్ వరల్డ్ కప్ గెలిచినప్పుడు ఆ టీంలో ఉన్న స్టీవ్ థాంప్సన్, ఆ ఫైనల్ ఆడినట్టే తనకి గుర్తు లేదని 2020లో చెప్పాడు, నలభై రెండేళ్ళ వయసుకే డిమెన్షియా (మతిమరుపు జబ్బు) అని తేల్చారు. మా ఆయన ఆ వార్త రాత్రి పదకొండింటికి చదివి నాకు చదివి వినిపించాడు, ఇక ఆ రాత్రి ఇద్దరికీ నిద్ర లేదు. దానికి ముందే 2016లో డెబ్బై మందికి పైగా డాక్టర్లూ ప్రొఫెసర్లూ స్కూలు రగ్బీలో ట్యాకిల్ నిషేధించమని బహిరంగ లేఖ రాశారు. కాబట్టి "ఏం కాదులే, పిల్లలు పడతారు లేస్తారు" అనే అంకుల్స్ మాట వినకండి. తల దెబ్బ తల దెబ్బే.

అలా బాబుని ఇయర్ 4లో (ఎనిమిది, తొమ్మిదేళ్ళ పిల్లల క్లాసు) క్లబ్బు మాన్పించి టచ్‌లో వేశాం. టచ్ గురించి చెడ్డగా చెప్పడానికి నా దగ్గర నిజంగా ఏమీ లేదు. ఆరుగురు ఒక టీం, చేత్తో తాకితే చాలు, ఆరు టచ్‌లయ్యాక బంతి అవతలి వాళ్ళది. పరుగు, పాసింగ్, ఖాళీ ఎక్కడుందో చూడటం, అన్నీ ట్యాకిల్ ఆడే పిల్లల కంటే బాగా వచ్చాయి మావాడికి. లావూ సన్నం, పొడుగూ పొట్టీ తేడా లేదు, ఆడా మగా కలిసి ఆడొచ్చు, నేను కూడా అమ్మల టీంలో ఒక సీజన్ ఆడాను, తర్వాత మోకాలు ఇక చాలు తల్లీ అంది. బురద తక్కువ. మన దగ్గర ఉతికే వాళ్ళకి తెలుస్తుంది ఆ ఒక్క మాట విలువ.

ట్యాగ్ సంగతి వేరే చెప్పక్కర్లేదు, నడుముకి వెల్‌క్రో పట్టీలు కట్టుకుని లాక్కునే ఆట, అండర్ 7, అండర్ 8 వాళ్ళంతా ఎలాగూ ఆడేది అదే. దాని తర్వాతే అసలు ప్రశ్న.

ఇక్కడే మేము ఒక లెక్క తప్పాం. మన వాళ్ళం రెడింగ్, స్లౌ, కింగ్‌స్టన్ చుట్టుపక్కల ఇల్లు ఎందుకు తీసుకుంటాం? గ్రామర్ స్కూల్ కోసం, అంటే పరీక్ష పెట్టి సీటిచ్చే ప్రభుత్వ సెకండరీ స్కూల్. ఇయర్ 4 నుంచే ఇలెవెన్ ప్లస్ (ఆ స్కూలు ఎంట్రన్స్ పరీక్ష) ట్యూషన్ మొదలు, వెర్బల్ రీజనింగ్ పుస్తకాలు బీరువా నిండా. సీటు వచ్చింది, సంతోషం, అందరికీ స్వీట్లు పంచాం. ఆ స్కూల్లో మొదటి టర్మ్ ఆట ఏంటో ఒక్కళ్ళమూ అడగలేదు. రగ్బీ! ట్యాకిల్ రగ్బీ. టైమ్‌టేబుల్‌లో ఉంటుంది, క్లాసు మొత్తం ఆడుతుంది.

మావాడు అప్పటికి మూడేళ్ళుగా ఎవర్నీ నడుము పట్టుకుని కింద పడేయలేదు, తను పడలేదు. అవతల ఉన్న సగం మంది పిల్లలు తొమ్మిదో ఏట నుంచీ ప్రతి ఆదివారం క్లబ్బులో ట్యాకిల్ ప్రాక్టీస్ చేసిన వాళ్ళు. పైగా ఇయర్ 7 (సెకండరీలో మొదటి క్లాసు) అంటే ఒకడు నా భుజం దాకా ఉంటాడు, ఇంకొకడికి మీసం మొలుస్తుంటుంది. టచ్ ఆడినవాడు కదా, వేగం ఉంది, బంతి పట్టుకున్నవాడి ముందుకి పరిగెత్తుకుంటూ వెళ్ళిపోయాడు, తల మాత్రం తప్పు పక్కన పెట్టాడు. అవతలి వాడి మోకాలు తగిలింది. టీచర్ కాసేపు కూర్చోబెట్టి మళ్ళీ క్లాసుకి పంపేశారంట, నాకు ఫోన్ కూడా లేదు. సాయంత్రం ఇంటికొచ్చి వాంతి చేసుకున్నాక నాకు విషయం తెలిసింది. ఎ అండ్ ఇలో (ఆస్పత్రి ఎమర్జెన్సీలో) అర్ధరాత్రి దాకా కూర్చున్నాం, కంకషన్ అన్నారు, అంటే దెబ్బకి మెదడు అదిరిందని. స్కూలుకి రాసిన ఈమెయిల్ సంగతి ఇక్కడ వద్దు, బీపీ పెరుగుతుంది.

అందుకే ఇప్పుడు ఎవరు అడిగినా నేను ముందు అడిగేది ఒకటే. మీ పిల్లలు ఎప్పటికైనా, ఎక్కడైనా ట్యాకిల్ ఆడాల్సి వస్తుందా? వస్తుంది అనిపిస్తే అది ఎప్పుడు నేర్చుకుంటారు? నా మటుకు నాకు మొత్తం ఇందులోనే ఉంది, మిగతావన్నీ దీని తర్వాతే. తొమ్మిదేళ్ళప్పుడు అందరూ దాదాపు ఒకే సైజు, పరుగులో ఊపు కూడా తక్కువ, చిన్న గ్రౌండ్, టీంకి ఏడుగురే. అండర్ 10కి ఎనిమిది, అండర్ 11కి తొమ్మిది, అండర్ 12కి పన్నెండు, అండర్ 14కి వచ్చేసరికి గానీ పదిహేను మంది పూర్తి ఆట రాదు. అంటే ఒక్కో మెట్టు ఎక్కిస్తారు. పదకొండేళ్ళకి నేరుగా మధ్య మెట్టు మీదకి దూకిస్తే ఏమవుతుందో మేము చూశాం.

పాప వాళ్ళకి ఎలా నేర్పించారో చెప్తా, ఎందుకంటే అదే నన్ను మార్చింది. మొదటి రెండు ఆదివారాలు అసలు నిలబడనే లేదు. ఇద్దరూ మోకాళ్ళ మీద కూర్చోవాలి, ఒకళ్ళు బంతి పట్టుకోవాలి, రెండోవాళ్ళు వాళ్ళ తొడల చుట్టూ చేతులు బిగించి భుజంతో తోయాలి, తల మాత్రం వెనక వైపుకి వెళ్ళాలి. "చీక్ టు చీక్" అని కోచ్ అరుస్తుంటాడు, అంటే నీ బుగ్గ వాళ్ళ పిర్రకి ఆనాలి అని, పిల్లలు ఆ మాటకి పడీ పడీ నవ్వుతారు, నవ్వుతూనే గుర్తు పెట్టుకుంటారు. ఆ తర్వాత నడుస్తూ, ఆ తర్వాత మెల్లగా పరిగెడుతూ. పడేవాళ్ళకి ఎలా పడాలో కూడా నేర్పిస్తారు, గడ్డం ఛాతీకి, బంతి గట్టిగా, చేతులు నేలకి ఆనించకూడదు. మావాడికి స్కూల్లో ఇదంతా ఒక్క పీఈ క్లాసులో చెప్పారు.

పోయిన శీతాకాలం మా మామయ్యగారు విజిట్ వీసా మీద వచ్చినప్పుడు ఒక ఆదివారం క్లబ్బుకి తీసుకెళ్ళాం. ఆయన కుర్రతనంలో చెడుగుడు ఆడినవారు. పెద్దపిల్లలకి ట్యాకిల్ నేర్పిస్తుంటే మఫ్లర్ చుట్టుకుని పావుగంట చూసి "ఇది తొడ పట్టేగా, తల లోపలికి పెడితే మోకాలు తగుల్తుంది, వాళ్ళు చెప్పేది కరెక్టే" అన్నారు. ఇంటికొచ్చాక అత్తగారికి ఫోన్ చేసి ఆయనే నచ్చజెప్పారు. మేము ఏడాది పాటు చెప్పలేకపోయింది ఆయన రెండు నిమిషాల్లో తేల్చారు. ఇది దొరల ఆట, మనకెందుకు అని ఆవిడ అంటే మా ఆయన కలకత్తా కప్పు కథ ఎత్తుకుంటాడు. ఇంగ్లండ్, స్కాట్లండ్ ఏటా ఆడే ఆ కప్పు, 1878లో కలకత్తా రగ్బీ క్లబ్బు మూసేస్తూ బ్యాంకులో మిగిలిన వెండి రూపాయలు కరిగించి చేయించింది, పిడులు నాగుపాములు, మూత మీద ఏనుగు. ఆవిడకి ఏనుగు నచ్చింది.

అంటే ట్యాకిలే గొప్ప అంటున్నానా? మొగ్గు అటే ఉంది, దాచను. కానీ మీ పిల్లలు వెళ్ళబోయే సెకండరీలో రగ్బీ లేకపోతే, వాళ్ళకి ఒకరి మీద ఒకరు పడటం నచ్చకపోతే (కొందరికి నచ్చదు, మొహంలోనే తెలుస్తుంది, బలవంతం వద్దు), టచ్ చాలు, హాయిగా ఉంటుంది. ఎంత తక్కువ తగిలితే మెదడుకి అంత మంచిది అనే వాదన నేను కాదనలేను. నా వాదనల్లా, రెండింటికీ మధ్యలో మేము చేసినట్టు చేయొద్దని. చిన్నప్పుడు మాన్పించి పెద్దయ్యాక తెలియకుండా దింపొద్దు. అలా దించక తప్పకపోతే ఇయర్ 6 వేసవిలో అయినా ఎక్కడైనా ట్యాకిల్ పద్ధతి నేర్పించి పంపండి.

స్క్రమ్ క్యాప్ గురించి ఒక మాట. మొదట్లో మన వాళ్ళందరూ చేసే పని అదే, ఆ మెత్తటి టోపీ కొనేసి ఇక తల సేఫ్ అనుకుంటాం. అది చెవులు ఒరుసుకుపోకుండా, తల చీరుకుపోకుండా పనికొస్తుంది, కంకషన్‌ని ఆపదు. లోపల మెదడు కదిలేదాన్ని బయటి టోపీ ఏం చేస్తుంది. పైగా అది పెట్టుకున్నాక కొందరు పిల్లలు ఇంకా దూకుడుగా వెళ్తారు. గమ్ షీల్డ్ (పళ్ళకి పెట్టుకునే తొడుగు) మాత్రం తప్పకుండా పెట్టించండి, వేడి నీళ్ళలో మెత్తబెట్టి పంటికి అచ్చు తీసుకునే రకం చాలు, పళ్ళు ఊడుతున్న వయసు కాబట్టి ఏడాదికి రెండు సార్లు మార్చాల్సి వస్తుంది.

రూల్స్ కూడా మారాయి, ఇది మా బాబు మానేసిన తర్వాత జరిగింది. 2023 నుంచి ఇక్కడ క్లబ్బు, స్కూలు ఆటలో రొమ్ము ఎముక కింది అంచు కంటే పైన ట్యాకిల్ చేస్తే పెనాల్టీ. అంటే పొట్ట దగ్గర, ఇంకా కింద. తల దెబ్బ అనుమానం వస్తే చాలు బయటికి తీసేయాలి, అదే రోజు మళ్ళీ దింపకూడదు, మ్యాచ్‌కి తిరిగి రావడానికి కనీసం 21 రోజులు, లక్షణాలేవీ లేకుండా 14 రోజులు గడిస్తేనే కాంటాక్ట్ ట్రైనింగ్ (ట్యాకిల్ ఉండే ప్రాక్టీస్). క్లబ్బులో ఈ నియమాన్ని ఎంత సీరియస్‌గా తీసుకుంటారో మొదటి రోజే అడగండి. మా పాప కోచ్‌ని అడిగితే, పోయిన సీజన్‌లో సొంత కొడుకునే మూడు వారాలు పక్కన కూర్చోబెట్టానని చెప్పాడు, కొడుకు వారం రోజులు మాట్లాడలేదంట. కోచ్‌లలో ఎక్కువమంది ఇలా పిల్లల నాన్నలే, జీతం లేదు, అందుకే మంచి క్లబ్బు, చెడ్డ క్లబ్బు అనేది చాలా వరకు ఆ ఇద్దరు ముగ్గురు నాన్నల బట్టే ఉంటుంది. చేర్చే ముందు రెండు ఆదివారాలు గట్టు మీద నిలబడి చూడండి. పిల్లలు పడితే కోచ్ ఏమంటున్నాడు, అటు పక్క పేరెంట్స్ రెఫరీ మీద అరుస్తున్నారా, అంతే.

ఆదివారం పొద్దున్న పోతుంది, అది మాత్రం నిజం. తొమ్మిదిన్నరకి గ్రౌండ్‌లో ఉండాలి, జనవరిలో వేళ్ళు కొంకర్లు పోతాయి, ఫ్లాస్కులో అల్లం టీ పోసుకెళ్ళేది నేనొక్కదాన్నే, ఇప్పుడు ఇంకో నలుగురు అమ్మలు కప్పులు పట్టుకుని నా దగ్గరే చేరతారు. ఇలెవెన్ ప్లస్ ట్యూషన్లు కూడా ఎక్కువ ఆదివారమే పెడతారు కాబట్టి గొడవ వస్తుంది. మేము ట్యూషన్‌ని శనివారానికి మార్చుకున్నాం, టీచర్ కాస్త మొహం మాడ్చుకున్నారు, అయినా ఒప్పుకున్నారు.

ఆడపిల్లల అమ్మలు వేరేగా అడుగుతారు కాబట్టి: అండర్ 11 దాకా అబ్బాయిలతో కలిసే ఆడొచ్చు, అండర్ 12 నుంచి అమ్మాయిల టీంలు వేరు. మీ దగ్గరి క్లబ్బులో ఆ టీం ఉందో లేదో ఇప్పుడే కనుక్కోండి, లేకపోతే అప్పుడు ఇరవై మైళ్ళు డ్రైవ్ చేయాలి. 2025 సెప్టెంబర్‌లో ట్వికెన్‌హామ్‌లో ఇంగ్లండ్ అమ్మాయిలు కెనడా మీద 33-13తో వరల్డ్ కప్ గెలిచినప్పుడు ఎనభై వేల పైచిలుకు జనం వచ్చారు, టీవీలో చూసిన మర్నాడే మా పాప తన ట్యాగ్ బెల్టు తీసుకెళ్ళి పక్కింటి చిన్నదానికి ఇచ్చేసింది. ఇక మమ్మల్ని అడిగేదేముంది.

మిగతావి కూడా అడుగుతారు కాబట్టి రెండు ముక్కలు. రగ్బీ లీగ్ అంటే రగ్బీలోనే ఇంకో రకం, విగన్, సెయింట్ హెలెన్స్, లీడ్స్ వైపు ఉన్నవాళ్ళ ఆట, మా వైపు దొరకడమే కష్టం. ఫుట్‌బాల్ మీకు తెలిసిందే, టీంలో చోటు దొరికితే ఆడించుకోండి. క్రికెట్‌తో అసలు పేచీయే లేదు, సీజన్లే వేరు, మా ఇంట్లో ఏప్రిల్‌లో రగ్బీ బూట్ల బురద గీకి లాఫ్ట్‌లో పడేసి బ్యాట్ కిందకి దించుతాం.