తొమ్మిది, ఆరు చూసి కూర్చోండి: లాస్ వేగాస్‌లో మా వీడియో పోకర్ అనుభవం

2024 అక్టోబరులో నేనూ మా శ్రీమతీ హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్ళి, డల్లాస్‌లో ఉంటున్న మా బావమరిదితో కలిసి లాస్ వేగాస్‌లో మూడు రాత్రులు గడిపాము. విమానాలు, హూవర్ డ్యామ్ సందర్శన సవ్యంగా జరిగిపోయాయి. ఇది రాయడానికి కారణం మేము దిగిన హోటల్, అక్కడి వీడియో పోకర్ యంత్రాలు.

పెద్ద కేసినోలు వరుసగా ఉండే స్ట్రిప్ అనే వీధి మీద ఉన్న ఆ హోటల్లో గది రాత్రికి 62 డాలర్లని చూసి ముందే డబ్బు కట్టాము. తీరా కౌంటర్ దగ్గరకు వెళ్ళాక ఈతకొలను వంటి సౌకర్యాలకని వేసే రిసార్ట్ ఫీజు పేరిట పన్నుతో కలిపి రాత్రికి మరో 51 డాలర్లు అడిగారు. మూడు రాత్రులకు 153 డాలర్లు, అంటే అప్పటి ధరలో దాదాపు 12,850 రూపాయలు. మేము ఈతకొలను వైపు వెళ్ళబోమని చెప్పినా, ఇష్టం లేకపోతే గది వదులుకోవచ్చు, కట్టిన డబ్బు మాత్రం తిరిగి రాదు అని ఆ ఉద్యోగి తల ఎత్తకుండానే సమాధానమిచ్చాడు. మా శ్రీమతి ఆ రాత్రి భోజనం కూడా సరిగా చేయలేదు.

ఆట తెలియనివారి కోసం కొంత వివరిస్తాను. వీడియో పోకర్ యంత్రం 52 ముక్కల పేకలోంచి ఐదు ముక్కలు తెర మీద పరుస్తుంది. కావలసినవి ఉంచుకొని తక్కినవి ఒక్కసారి మార్చుకోవచ్చు. చివరికి పడిన ముక్కలను బట్టి, పైన పట్టికలో రాసిన ప్రకారం డబ్బు వస్తుంది. జాక్స్ ఆర్ బెటర్ అనే రకంలో జాకీ, రాణి, రాజు, ఆసులలో ఏదైనా జత పడితే పందెం తిరిగి వస్తుంది. లాస్ వేగాస్ ఉన్న నెవాడా రాష్ట్ర నిబంధనల ప్రకారం తెర మీద ముక్కలు నిజమైన పేకలో ఎలా వచ్చే అవకాశం ఉందో అలాగే రావాలి. అందువల్ల పట్టిక చదివితే చాలు, యంత్రం ఎంత తిరిగి ఇస్తుందో లెక్క కట్టవచ్చు. బొమ్మలు తిరిగే స్లాట్ మెషీన్ ముందు కూర్చున్నవారికి ఈ వీలు లేదు.

పట్టికలో చూడవలసినవి రెండే వరుసలు. ఒకే విలువవి మూడు, ఇంకో విలువవి రెండు ముక్కలు పడే ఫుల్ హౌస్‌కు నాణేనికి 9, ఐదు ముక్కలూ ఒకే గుర్తువి పడే ఫ్లష్‌కు 6 ఇచ్చే యంత్రం, తప్పు లేకుండా ఆడేవారికి దీర్ఘకాలంలో 99.54 శాతం తిరిగి ఇస్తుంది. 6, 5 ఇచ్చేది 95 శాతమే ఇస్తుంది. పావు డాలరు చొప్పున ఐదు నాణేలు, అంటే ఆటకు 1.25 డాలర్లు పెట్టి గంటకు 400 ఆటలు ఆడితే, మొదటి దాని మీద సగటు నష్టం 2.30 డాలర్లు, రెండోదాని మీద 25 డాలర్లు. ఐదు నాణేలు ఎందుకంటే, ఒకే గుర్తు పది, జాకీ, రాణి, రాజు, ఆసు పడే రాయల్ ఫ్లష్‌కు ఒక నాణేనికి 250 మాత్రమే ఇచ్చే యంత్రం, ఐదింటికి 4,000 ఇస్తుంది. అది సగటున 40,000 ఆటలకు ఒకసారి పడేదే అయినా, పై శాతాలలో దాని వాటా కూడా ఉంది. ఐదు నాణేలు భారమనిపిస్తే ఇంకా చిన్న నాణెం తీసుకునే యంత్రం వెతుక్కోవాలి.

తెలంగాణలో డబ్బు పెట్టి ఆడటం నిషేధం. 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2017లో సవరించి ఆన్‌లైన్ రమ్మీని కూడా అందులో చేర్చారు. అందుకే ప్రయాణానికి ముందు రెండు వారాలు కూకట్‌పల్లిలో మా భోజనాల బల్ల మీద పైసా పెట్టకుండా పేక పంచుకొని సాధన చేశాము. రమ్మీ అలవాటు వల్ల నేను జతతో పాటు ఆసును కూడా పట్టుకునేవాణ్ణి. అది పొరపాటని, ఆసును ఉంచుకుంటే కొత్తగా వచ్చే ముక్కలు మూడు నుంచి రెండుకు తగ్గిపోతాయని మా శ్రీమతే గ్రహించి మాన్పించింది.

ఇంత నేర్చుకొని వెళ్ళినా, మొదటి రాత్రి హోటల్ కింది అంతస్తులో తొమ్మిది, ఆరు ఉన్న యంత్రం ఎక్కడుందని అడిగితే, అన్నీ ఒకటేనని అక్కడి సిబ్బంది చెప్పారు. నేను చూసిన ప్రతి యంత్రం మీదా 6, 5 ఉన్నాయి. "వచ్చాం కదా బావా, కాసేపు ఆడదాం" అని బావమరిది బలవంతం చేస్తే కూర్చొని, రెండు గంటల్లో 60 డాలర్లు పోగొట్టుకున్నాను. రెండు గంటల ఆటలో మంచి యంత్రం మీదైనా అంత పోవచ్చు, కాని తెలిసి తెలిసి చెడ్డ పట్టిక ముందు కూర్చున్నందుకు ఇప్పటికీ బాధగానే ఉంది.

మూడో రోజు 19 డాలర్లు ఇచ్చి క్యాబ్‌లో పాత ఊరి వైపు ఫ్రీమాంట్ స్ట్రీట్‌కు వెళ్ళాము. రెండు కేసినోలు తిరిగాక, ఒక మూలన వరుసగా నాలుగు పాత యంత్రాల మీద 9, 6 కనిపించాయి. నలభై డాలర్లు పెట్టాను. గంట తరువాత ఇస్పేటు ఏడు, కళావరు ఏడు, ఆఠీను ఆసు, మరో రెండు పనికిరాని ముక్కలు పడ్డాయి. నా వేలు ఆసు మీదకు వెళ్తుంటే మా శ్రీమతి నా మణికట్టు పట్టుకొని, "ఏమండీ, ఏడులు మాత్రమే" అంది. మిగిలిన మూడూ మార్చగానే డైమండ్ ఏడు, ఒక మూడు, ఆఖరున ఆఠీను ఏడు వచ్చాయి. నాలుగు ఏడులకు 125 నాణేలు, అంటే 31.25 డాలర్లు. నేను ఆసు పట్టుకొని ఉంటే మూడు ముక్కలు వచ్చేవే కావు. మూడు గంటల తరువాత మిగిలిన సొమ్ముకు యంత్రం ఇచ్చే 52.50 డాలర్ల టికెట్ తీసుకొని లేచాము. రెండు రోజులుగా ముభావంగా ఉన్న మా శ్రీమతి ఆ సాయంత్రమే మొదటిసారి మనసారా నవ్వింది.

మళ్ళీ వెళ్తే ఫ్రీమాంట్ స్ట్రీట్ దగ్గరే గది తీసుకుంటాము, అదీ రిసార్ట్ ఫీజు, పన్ను కలిపి మొత్తం ఎంతో ఈమెయిల్‌లో రాయించుకున్న తరువాతే.