సామాజిక మాధ్యమం మానేసిన నాలుగేళ్లు: నా అనుభవం

పదకొండేళ్లు వాడిన ఖాతాను 2021 డిసెంబరులో మూసేశాను. మూసి నాలుగేళ్లు దాటింది. మానేయాలా వద్దా అని నన్ను అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు కాబట్టి, వాడిన కాలం గురించీ వాడని కాలం గురించీ ఉన్నదున్నట్టు రాస్తున్నాను. అది ఏ సంస్థదో ఇక్కడ చెప్పను. ఉచితంగా దొరికే ఇలాంటి వేదికలు చాలావరకు బతికేది ప్రకటనల మీదే. మానేసినందుకు నాకు విచారం లేదు. అయితే మానేస్తే ప్రకటనలు నా వెంటపడటం ఆగిపోతుందనుకున్నాను. అది మాత్రం పూర్తిగా ఆగలేదు.

ఆ ఏడాది వేసవి తరువాత మా నాన్నకు మూత్రపిండాల జబ్బు బయటపడింది. మూత్రపిండాల పనితీరు తెలిపే రక్తపరీక్షలో క్రియాటినిన్ 4 దాటింది. డయాలసిస్ అంటే ఏమిటో, మా రాజమహేంద్రవరంలో ఎక్కడ చేస్తారో, ఉప్పు ఎంత వేయవచ్చో రాత్రుళ్లు నా ఫోనులో వెతికేదాన్ని. వారం తిరగకుండానే నాకు కిడ్నీ ప్రకటనలు మొదలయ్యాయి. కొన్నాళ్లకు అవే నాన్న ఫోనులోనూ కనిపించాయి. ఆయన ఏమీ వెతకలేదు, ఆయనకు టైపు చేయడమే సరిగా రాదు. ఇంట్లో వైఫై ఒకటే, ఇద్దరం ఒకరి స్నేహితుల జాబితాలో ఒకరం ఉన్నాం. ఏ దారిన చేరిందో నేను రుజువు చేయలేను.

ఆ ప్రకటనల్లో ఒకటి వీడియో. అందులో తెల్లగడ్డం పెద్దాయన రోట్లో ఏదో నూరుతూ, డయాలసిస్ అక్కర్లేదు, ఈ పొడి రెండు నెలలు వాడండి చాలు అంటాడు. నాన్న దాన్ని ఎన్నిసార్లు చూశారో గానీ, అమ్మకు కూడా చెప్పకుండా మూడు డబ్బాలు తెప్పించుకున్నారు. ఒక్కొక్కటి 1,800 రూపాయలు. డాక్టరు రాసిన మాత్రలు పక్కన పెట్టి, ఇరవై రోజులు ఆ పొడిని మజ్జిగలో కలుపుకుని తాగారు. పాదాలు ఉబ్బి చెప్పులు పట్టకపోయే దాకా మాకు తెలియలేదు. మంచం కింద ట్రంకు పెట్టె వెనక రెండు ఖాళీ డబ్బాలు, ఒక సగం డబ్బా దొరికాయి. మూతకు బూడిదరంగు పొడి అంటుకుని ఉంది, మెంతుల వాసన వేస్తోంది. ఎందుకు నమ్మారు నాన్నా అని అడిగితే, "నా సంగతి తెలిసినట్టే చెప్పాడమ్మా" అన్నారు. తెలిసే చెప్పాడు. నాకు కడుపు మండింది అందుకే.

ఆ ప్రకటన మీద ఫిర్యాదు చేశాను. మా నిబంధనలకు విరుద్ధంగా లేదని జవాబు వచ్చింది. మాయ చికిత్సల ప్రకటనలను నిషేధించే చట్టం మన దేశంలో 1954 నుంచి ఉంది.

నాన్నకు డయాలసిస్ మొదలైన నెలలోనే ఖాతా మూయడానికి కూర్చున్నాను. మూసే ముందు మన సమాచారాన్నంతా దించుకునే వీలుంటుంది. మానేసినా మానేయకపోయినా ఈ పని మాత్రం అందరూ చేయాలి. ఫైలు సిద్ధం కావడానికి ఒక రాత్రి పట్టింది. ఫొటోలు, సందేశాలు ఉంటాయని తెలుసు. నేను ఎదురుచూడనిది నా ఫోనులోని నంబర్ల పట్టిక. పాలబ్బాయి, గ్యాస్ ఏజెన్సీ, కాలం చేసిన మా పెద్దమ్మ, అందరూ వరుసగా ఉన్నారు. ఎప్పుడో కొత్తలో, స్నేహితులను వెతకడానికి అనుమతి ఇవ్వమంటే నొక్కి ఉంటాను. ఇంకో చోట, నేను బయట ఏయే సైట్లలో, యాప్‌లలో తిరిగానో ఆ సంస్థలు చేరవేసిన చిట్టా ఉంది. ఒక నగల దుకాణం, బస్సు టికెట్ల యాప్, ఒక రక్తపరీక్షల కేంద్రం. ప్రతిదానికీ తేదీ, సమయం ఉన్నాయి. రక్తపరీక్షల కేంద్రం పక్కన ఉన్న తేదీ, నాన్న రిపోర్టు నేను దించుకున్న రోజుది.

ఇది ఎలా జరుగుతుందో తరువాత చదివి తెలుసుకున్నాను. దుకాణమో ఆసుపత్రో తమ ప్రకటనలు ఎంత పని చేస్తున్నాయో చూసుకోవడానికి వెబ్‌సైటులో పిక్సెల్ అనే చిన్న కోడ్ ముక్క పెట్టుకుంటాయి. మనం పేజీ తెరవగానే అది ప్రకటనల సంస్థకు కబురు పంపుతుంది. 2022లో ద మార్కప్ అనే అమెరికా వార్తాసంస్థ అక్కడి పేరున్న 100 ఆసుపత్రుల వెబ్‌సైట్లను పరిశీలిస్తే 33 చోట్ల మెటా, అంటే ఫేస్‌బుక్, వాట్సాప్‌ల యజమాని సంస్థ, పిక్సెల్ కనిపించింది. డాక్టరు అపాయింట్‌మెంట్ కోసం మీట నొక్కితే ఆ సంగతి కూడా వెళ్లేది.

మనకు ఖాతా లేనంత మాత్రాన ఆ కోడ్ ముక్క పేజీలోంచి పోదు. నా నంబరు నా స్నేహితుల ఫోన్లలోంచీ పోదు. కేంబ్రిడ్జ్ అనలిటికా అనే రాజకీయ సలహా సంస్థకు ఒక క్విజ్ యాప్ ద్వారా ఫేస్‌బుక్ వాడేవాళ్ల సమాచారం చేరిన వ్యవహారంలో, మన దేశానికి సంబంధించి ఫేస్‌బుక్ 2018లో చెప్పిన లెక్క నాకు బాగా గుర్తు. ఆ క్విజ్ యాప్‌ను ఇక్కడ పెట్టుకున్నవాళ్లు 335 మంది. సమాచారం బయటకు పోయి ఉండవచ్చన్నది మాత్రం 5,62,455 మందిది. మిగిలినవాళ్లు ఏ తప్పూ చేయలేదు, ఆ 335 మందికి స్నేహితులయ్యారు, అంతే. మరుసటి ఏడాది అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఫేస్‌బుక్‌కు 500 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. ఆ డబ్బులో ఈ లక్షల మందికి దక్కింది ఏమీ లేదు.

కాబట్టి ఖాతా మూయడం ఒక్కటే చాలదు. ఫోనులో చేయవలసినవి నేను రెండేళ్లు ఆలస్యంగా చేశాను, మీరు ముందే చేయండి. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి, ప్రైవసీలో ప్రకటనల విభాగం తెరిస్తే అడ్వర్టైజింగ్ ఐడీని, అంటే ప్రకటనల కోసం ఫోనుకు ఇచ్చే గుర్తింపును, తొలగించవచ్చు. ఐఫోనులో 2021 ఏప్రిల్ నుంచి, వెంటాడవచ్చా అని యాప్‌లు అడిగి తీరాలి, వద్దనండి. నంబర్ల పట్టిక, లొకేషన్ అవసరం లేని యాప్‌లకు ఆ అనుమతులు తీసేయండి. ఇవి చేశాక నాకు తేడా కనిపించింది. ఖాతా మూసినప్పటి కంటే ఎక్కువ తేడా అని కూడా చెప్పగలను.

ఇక పోగొట్టుకున్నవి. అన్నింటికంటే బాధ మిద్దెతోట బృందం పోవడం. అందులో ఆకుమచ్చ ఫొటో పెడితే పది నిమిషాల్లో ఎవరో ఒకరు పుల్లమజ్జిగ చల్లమనో వేపనూనె కొట్టమనో చెప్పేవారు. నాటు పొట్ల విత్తనాలు, నల్లచిక్కుడు విత్తనాలు ముఖం ఎరగనివాళ్లు కవరులో పెట్టి పంపారు. వాళ్లలో ఇద్దరి నంబర్లే నా దగ్గర ఉన్నాయి. మూసే ముందు ఒక నెల సమయం తీసుకుని అందరి నంబర్లూ అడిగి రాసుకోవలసింది. హైస్కూలులో మాకు లెక్కలు చెప్పిన మాస్టారు పోయిన సంగతి పెద్దకర్మ అయిపోయిన వారానికి తెలిసింది. అందరూ అక్కడ చూసి వెళ్లారట, నీకూ తెలిసే ఉంటుందనుకున్నాం అన్నారు. దాన్ని దేనితోనూ పూడ్చలేను.

వాట్సాప్ మానలేదు. డయాలసిస్ కేంద్రం సమయాలు చెప్పేది దానిలోనే, పిల్లల బడి కబుర్లు వచ్చేవీ దానిలోనే. సందేశంలో ఏముందో దారిలో ఎవరూ చదవలేరు గానీ, ఎవరితో ఎప్పుడు మాట్లాడామన్నది వేరే సంగతి. వాట్సాప్ 2021లో తెచ్చిన గోప్యతా విధానం విషయంలో, వ్యాపారాల్లో పోటీని కాపాడే మన కాంపిటీషన్ కమిషన్ 2024 నవంబరులో మెటాకు 213.14 కోట్ల రూపాయల జరిమానా విధించింది. మాలో మేం మాట్లాడుకోవడానికి మాత్రం ఇంట్లో ఐదుగురం సిగ్నల్ అనే సందేశాల యాప్‌కు మారాం. దాన్ని నడిపేది లాభాపేక్ష లేని సంస్థ, ప్రకటనలు ఉండవు. నాలుగేళ్లలో ఆ ఐదుగురు ఏడుగురయ్యారు, అంతకు మించి పెరగలేదు. ఊరంతా అటు ఉన్నప్పుడు మనం ఒక్కరమే ఇటు రమ్మంటే రారు.

వ్యాపారం ఆ పేజీ మీదే నడుస్తున్నవాళ్లను, చీరలో పచ్చళ్లో అమ్ముకునే ఆడవాళ్లను మానేయమని నేను చెప్పను. అది వాళ్ల అంగడి. ఇంట్లో దీర్ఘరోగి ఉన్నవాళ్లకు మాత్రం గట్టిగా చెబుతాను. మీ ఖాతా సంగతి తరువాత చూసుకోవచ్చు, ముందు ఆ రోగి ఫోను తీసుకుని చూడండి. ఆయనకు ఏం చూపిస్తున్నారో చూడండి. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది, నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. సంస్థల ప్రధాన బాధ్యతలు అమలయ్యేందుకు 18 నెలల గడువు ఇచ్చారు. అంతవరకు కాపలా మనదే.

నాన్న 2023లో వెళ్లిపోయారు. ఆయన ఫోను ఇప్పుడు అమ్మ వాడుతోంది. మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు దాన్ని తీసుకుని అడ్వర్టైజింగ్ ఐడీ తొలగించి, అనవసరమైన అనుమతులన్నీ తీసేశాను. అమ్మ అరిసెలకు పిండి జల్లిస్తూ చూస్తోంది. "ఇక ఆ పొడి మనిషి రాడు కదా?" అంది. తగ్గుతాడమ్మా అన్నాను. రాడని చెప్పలేకపోయాను.