రవెన్నాలో ఒక రాత్రి ఉండండి, సాన్ విటాలే కోసం

ఇటలీలో బొలోన్యా నుంచి రవెన్నాకు రైల్లో గంటంపావు పడుతుంది. చాలామంది పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లిపోతారు. నా మాట వింటే ముందు రోజే చేరుకుని, మర్నాడు టూర్ బస్సులు దిగకముందు, తలుపులు తీసే వేళకే సాన్ విటాలే చర్చికి వెళ్లండి.

బయటి నుంచి చూస్తే ఇదా ఆ పేరున్న చర్చి అనిపిస్తుంది. ఎనిమిది పలకల ఇటుక కట్టడం, అలంకారమే లేదు. 526 ప్రాంతంలో మొదలైన పనికి జూలియానుస్ అనే వడ్డీ వ్యాపారి డబ్బు పెట్టాడు. 547లో బిషప్ మాక్సిమియానుస్ ప్రతిష్ఠ చేశాడు.

లోపల బలిపీఠం దగ్గరికి చేరేసరికి మాట పడిపోతుంది. గోడల మీద గాజు ముక్కలు పొదిగి చేసిన మొజాయిక్ బొమ్మలు. ఎడమ గోడ మీద తూర్పు రోమన్ చక్రవర్తి జస్టీనియన్, కుడి గోడ మీద ఆయన రాణి థియోడోరా, ఇద్దరూ పరివారంతో మన వైపే సూటిగా చూస్తుంటారు. ఇద్దరూ ఈ ఊళ్లో అడుగు పెట్టిందే లేదు! థియోడోరా అంగీ అంచును తప్పకుండా చూడండి. బాల యేసుకు కానుకలు తెచ్చిన ముగ్గురు జ్ఞానులు ఆ జరీలో నడుస్తుంటారు. ఆమె చేతిలోనూ కానుకే, బంగారు పాత్ర. గాజు ముక్కల్ని సమంగా కాకుండా కాస్త వాల్చి పొదిగారు. అందుకే మనం రెండడుగులు పక్కకు జరిగితే చాలు, బంగారం వేరే చోట మెరుస్తుంది. ఆ పనితనం ముందు ఎంతసేపు నిలబడ్డా తనివి తీరలేదు. స్తంభాల తలల మీద రాతిని జల్లెడలా తొలిచిన తీరూ అంతే. చిన్న బైనాక్యులర్ ఉంటే పట్టుకెళ్లండి.

గోపురం లోపలి బొమ్మలు మాత్రం 18వ శతాబ్దానివి, నాకు అక్కడ అతకలేదనిపించింది. పైపూత వెనక ఉన్న అసలు విశేషం వేరు. బరువు తగ్గించడానికి బోలు మట్టి గొట్టాలను ఒకదానిలో ఒకటి దూర్చి ఆ గోపురం కట్టారు.

అదే ఆవరణలో రోమన్ రాణి గాల్లా ప్లాచీదియా పేరున్న సమాధి మందిరం ఉంది. వెలుగును లోపలికి రానిచ్చే పలచని అలబాస్టర్ రాతి పలకల కిటికీలు, ముదురు నీలం కప్పు నిండా బంగారు నక్షత్రాలు. లోపల ఐదు నిమిషాలే ఉండనిస్తారు, కళ్లు ఆ చీకటికి అలవాటు పడేలోపే బయటికి రావాలి. ఐదు చోట్లకు కలిపి ఒకే టికెట్, కానీ ఈ మందిరానికి సమయం ముందే బుక్ చేసుకోవాలి.

బస పాత ఊళ్లోనే మేలు, అన్నీ నడిచి చూడొచ్చు. మేం దిగిన చోట లిఫ్ట్ లేదు, ఆ సంగతి ముందుగా చెప్పనూ లేదు. పెద్దవాళ్లతో వెళ్తే అడిగి మరీ తీసుకోండి. శాకాహారులకు పియాదీనా రొట్టెలో స్క్వాక్వెరోనే అనే మెత్తటి చీజ్ పెట్టించుకుంటే కడుపు నిండుతుంది. కాకపోతే ఆ పిండిలో పంది కొవ్వు కలపడం అక్కడి ఆనవాయితీ, ఆలివ్ నూనెతో చేసినదే కావాలని చెప్పండి.

ఇంకో పూట మిగిలితే ఊరి బయట క్లాస్సెలోని సాంత్ అపొల్లినారే చర్చికి బస్సులో వెళ్లండి. దాని టికెట్ వేరే.