కమిలిన చోట రాసే హెపారిన్ ఆయింట్‌మెంట్: వాడి చూసి రాస్తున్నా

ముందే చెప్పేస్తాను, ఈ ట్యూబుకు నేను ఐదులో మూడు ఇస్తున్నా. మచ్చ మీద కాస్త పని చేస్తుంది. ఆ మచ్చ ఎందుకొచ్చిందన్నది దాని పరిధిలో లేదు. మార్కులు తగ్గించింది అందుకు కాదు, అమ్మే పద్ధతికి.

నేను ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ భాగం తిరుమల ఘాట్ బస్సుల్లోనే గడిచింది. మలుపు మలుపుకూ కడ్డీకి మోచెయ్యో భుజమో తగిలేది, ఒక్కనాడూ కమిలింది లేదు. గుండెకు స్టెంట్ వేశాక కథ మారింది. తలుపు గడియ తగిలితే ఒక మచ్చ, మనవడు చెయ్యి పట్టి లాగితే ఇంకో మచ్చ. ముంజేతులు రెండూ ఊదారంగు అచ్చులు వేసినట్టు తయారయ్యాయి. చూసినవాళ్లందరూ తలా ఒక వైద్యం చెప్పారు. చింతపండు రసంలో ఉప్పేసి ఉడికించి పట్టు వెయ్యమంది మా వదిన. "పుత్తూరు పొయ్యి కట్టు కట్టించుకో మామా" అన్నాడు మేనల్లుడు. ఎముక విరిగితే పుత్తూరు పోతాం గానీ, తోలు కింద రక్తం చిమ్మితే అక్కడేం కడతార్రా అన్నాను.

ఈ ట్యూబు ఇచ్చింది ఇంటి దగ్గరి మందుల షాపు కుర్రాడు. చెయ్యి చూపించగానే తీసి కౌంటర్ మీద పెట్టాడు. ధర రెండొందల లోపే. ఇందులో రెండు రకాలున్నాయి, ఆయింట్‌మెంట్, జెల్. నేను మొదట తీసుకుంది ఆయింట్‌మెంట్. జిడ్డుగా ఉంటుంది, తెల్ల చొక్కా చేతులకు అంటుతుంది. హెపారిన్ అంటే రక్తం గడ్డకట్టకుండా చేసే మందు. దాంతో పాటు ఇందులో బెంజైల్ నికోటినేట్ అని ఇంకోటి కలుపుతారు. రాసిన కాసేపటికి ఆ చోట వెచ్చగా, ఎర్రగా అయ్యేది దానివల్లే. కంగారు పడాల్సిన పని లేదు గానీ, మంట ఎక్కువైతే కడిగేసుకోవాలి. తెగిన చోట, పుండు మీద, కంటి దగ్గర రాయకూడదు. జెల్ తొందరగా ఆరిపోతుంది, బట్టలకు అంటదు. మళ్లీ కొంటే జెల్లే కొంటాను.

ఎంత పని చేసిందంటారా? రెండు చేతులకూ ఇంచుమించు ఒకేసారి మచ్చలు పడినప్పుడు ఎడమ చేతికి రాసి, కుడి చెయ్యి వదిలేశాను. రెండూ ఊదా నుంచి ఆకుపచ్చకు, తర్వాత పసుపుకు తిరిగి పోయాయి. ఎడమది కొంచెం ముందు పోయిందనిపించింది. మా ఆవిడేమో రెండూ ఒకేసారి పోయాయంటుంది, నేను వాదించలేదు. కమిలిన మచ్చ సాధారణంగా రెండు వారాల్లో దానంతట అదే పోతుంది. చిన్న రక్తనాళాలు చిట్లి బయటికొచ్చిన రక్తాన్ని ఒళ్లే మెల్లగా విరగ్గొట్టి తీసేస్తుంది, ఆ రంగులు మారేది అందుకే. దెబ్బ తగిలిన మొదటి ఒకటి రెండు రోజులు గుడ్డలో చుట్టిన ఐసు పెట్టడం, ఆ తర్వాత వెచ్చటి కాపడం, వీటికి పైసా ఖర్చు లేదు. సెలైన్ సూది పెట్టిన చోట నరం వాచి గట్టిపడినప్పుడు ఈ మందు ఎక్కువగా రాస్తారని తర్వాత డాక్టరు చెప్పారు.

ఇక నా ఫిర్యాదు. "ఇంకేం మాత్రలు వాడుతున్నారు?" అని ఆ షాపులో ఎవరూ అడగలేదు. రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవాళ్లు డాక్టరును అడక్కుండా రాయకూడని మందు ఇది. నేను వేసుకునేది ఎకోస్ప్రిన్, అంటే ఆస్పిరిన్, అదీ రక్తం పలచబరిచే మాత్రే. మా ఇంట్లో అందరికీ తెలిసిన పేరే, షాపు కుర్రాడికి కూడా తెలుసు. అడిగితే కదా!

మా ఆవిడ పోరు పడలేక ఫిజీషియన్ దగ్గరికి వెళ్లాను. ఆయన చేతుల కంటే ముందు చూసింది మాత్రల కవరు. "అన్నీ తెచ్చారా పెద్దాయనా?" అని ఒక్కో స్ట్రిప్పూ తిప్పి చూశారు. ఎకోస్ప్రిన్ పక్కనే మోకాళ్లకు వేరే డాక్టరు రాసిన డైక్లోఫెనాక్ ఉంది. రెండు చీటీలు, ఒకరి చీటీ ఇంకొకరు చూడలేదు. రెండూ కలిస్తే రక్తస్రావం ముప్పు పెరుగుతుందట, కడుపులో కూడా. నొప్పి మాత్ర మాన్పించి పారాసిటమాల్ రాశారు. ఎకోస్ప్రిన్ మాత్రం ఎవరు చెప్పినా సొంతంగా ఆపొద్దన్నారు, స్టెంట్ మూసుకుపోతే ప్రాణం మీదికొస్తుంది.

పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి రక్తం వస్తోందా, ముక్కు నుంచి కారుతోందా, విరేచనం నల్లగా అవుతోందా, జ్వరం, బరువు తగ్గడం ఉన్నాయా, మద్యం తాగుతారా, ఇంట్లో ఎవరికైనా రక్తం ఆగని జబ్బు ఉందా, ఇవన్నీ అడిగారు. రక్తపరీక్ష చేయిస్తే ప్లేట్‌లెట్లు, అంటే రక్తం గడ్డకట్టడానికి పనికొచ్చే కణాలు, రెండు లక్షల పైనే వచ్చాయి. లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల మధ్య ఉంటే నార్మల్. మరి అన్నీ ఉండగా ఈ మచ్చలేంటి సార్ అంటే, ఆస్పిరిన్ వాటి లెక్క తగ్గించదు, పని చేయనివ్వదు అన్నారు. డిపోలో డ్రైవర్లంతా హాజరు వేసి, ఒక్కడూ బండి తీయనట్టన్నమాట. ఒకసారి అలా పని మానేసిన ప్లేట్‌లెట్ దాని ఆయుష్షు తీరేదాకా, అంటే వారం పది రోజులు, అలాగే ఉంటుంది. దానికి తోడు వయసు, ఎండ. ముంజేతుల మీద చర్మం పలచబడి చిన్న తగులుకే కములుతుంది. స్టెరాయిడ్ మాత్రలు చాన్నాళ్లు వాడినా ఇలాగే అవుతుందట. నాది ఆ మేరకు భయపడాల్సింది కాదని తేలింది.

అందరిదీ నాలాగే తేలదు. దెబ్బ తగిలిన గుర్తే లేకుండా వీపు మీద, పొట్ట మీద పెద్ద మచ్చలు వస్తుంటే, కాళ్ల మీద నొక్కినా పోని గుండుసూది మొనంత ఎర్రచుక్కలు లేస్తే, కొత్త మాత్ర మొదలుపెట్టాక ఇది మొదలైతే, ట్యూబు పక్కన పెట్టి డాక్టరు దగ్గరికే పోవాలి. వానాకాలంలో జ్వరంతో పాటు ఇవి వస్తే డెంగీ పరీక్ష వెంటనే చేయించాలి, డాక్టరు చెప్పకుండా నొప్పి మాత్రలు మింగకూడదు. ఆడపిల్లలకు చిన్నప్పటి నుంచీ ఊరికే కమలడం, నెలసరిలో విపరీతంగా రక్తం పోవడం రెండూ ఉంటే "మా వంశంలో అంతే" అని వదిలేయకండి, రక్తం గడ్డకట్టడంలో లోపం వంశంలో రావచ్చు. నాలాగా పలచబరిచే మాత్రలు వేసుకునేవాళ్లు తల గట్టిగా కొట్టుకుంటే, పైకి ఏమీ కనిపించకపోయినా తెల్లారేదాకా ఆగకుండా మా తిరుపతిలో అయితే రుయా ఆసుపత్రికో, స్విమ్స్ ఆసుపత్రికో, వేరే ఊళ్లో అయితే దగ్గర్లో ఉన్న పెద్దాసుపత్రికో పోవాలి. పిల్లల మోకాళ్ల కింద మచ్చలకు మాత్రం ఇంత హడావిడి వద్దు. ఆడుకునే పిల్లలకు అవి మామూలే.

ట్యూబు చూపిస్తే డాక్టరు నవ్వి, "చిన్న మచ్చకు రాసుకోండి, చెయ్యంతా పూయకండి" అన్నారు. అలాగే వాడుతున్నా. కొనేవాళ్లు పెద్ద ట్యూబు తీసుకోకండి. సగం వాడేలోపే ఎక్స్‌పైరీ వస్తుంది, మూత కూడా సరిగ్గా బిగుసుకోదు.