విలీనం చేసిన బడికి నా మూడు స్టార్లు

ముందే చెప్తున్నా, నేను టీచర్ని కాదు, యూనియన్ మనిషినీ కాదు. ఇంట్లో మిషన్ కుడతాను. బడుల విలీనం మా ఇంటి మీదికి రెండుసార్లు వచ్చింది, అందుకే రాస్తున్నా.

మొదటిసారి 2022లో. జీవో 117 అని, మూడో తరగతి నుంచి పిల్లల్ని హైస్కూళ్లలో కలపమనే మన ఆంధ్రా ప్రభుత్వ ఉత్తర్వు చెప్పి మా వాణ్ణి మూడో తరగతికే హైస్కూల్‌కి పంపారు. సబ్జెక్టుకో టీచర్ అన్నారు. సరే. బెంచీ మీద కూర్చుంటే వాడి కాళ్లు నేలకి అందేవి కావు. అన్నం లైన్లో పదో తరగతి వాళ్ల వెనక నిలబడితే, వీడి వంతు వచ్చేసరికి కొన్నిరోజులు గుడ్డు ఉండేది కాదు. సాయంత్రం రాగానే చద్దన్నం గిన్నె వెతుక్కుంటుంటే గట్టిగా అడిగాను, అప్పుడు బయటపడింది.

2025లో ఆ జీవో ఎత్తేశారు. మూడు, నాలుగు, ఐదు తరగతులు మళ్లీ ఊళ్లోకే వస్తాయనుకున్నాం. కానీ ఐదు తరగతులూ కలిపినా పిల్లలు 14 మందే, టీచరు ఒక్కరే. మంచాయనే, కానీ ఆయన మీటింగుకెళ్తే ఆ పూట చదువంతా రావిచెట్టు కింద ఆటలే. ఒకటి, రెండు తరగతులు ఇక్కడే ఉంచి మిగతావి పక్క ఊరి మోడల్ ప్రైమరీ స్కూల్లో, అంటే తరగతికో టీచర్ ఉండే బడిలో కలుపుతామన్నారు. దానికి ఒప్పుకుంటూ రాసిన తీర్మానం మీద నేనూ సంతకం పెట్టాను. మా అత్తమ్మ మూడు రోజులు నాతో మాట్లాడలేదు. మా మామయ్య మా ఊరి బడి గోడకి రాళ్లు మోశాడు మరి.

ఇప్పుడు మా పాప ఆ పక్క ఊరి బడిలో మూడో తరగతి. చదువు సంగతికొస్తే ఒక్క మాట అనను. తరగతికో టీచర్. జూన్‌లో అప్పు తెచ్చి తీసివేయడం రాని పిల్ల, ఇప్పుడు నేను జాకెట్టు కొలతలు తీస్తుంటే పక్కన కూర్చుని తప్పులు పడుతోంది. సన్నబియ్యం అన్నం కూడా వంకలు పెట్టకుండా తింటోంది.

బాధంతా దారితోనే. కాగితంలో దూరం 900 మీటర్లు. నిజమే, వాగు దాటితే! చప్టా మీద నీళ్లొచ్చాయంటే మెయిన్ రోడ్డు చుట్టి పోవాలి, మా బండి మీటర్లో 2.6 కిలోమీటర్లు, దారంతా కంకర లారీలు. కిలోమీటరు దాటిన పిల్లలకి నెలకి 600 రవాణా ఖర్చు ఇస్తారు. మాకు రాదు, మాది 900 మీటర్లు కదా. పిల్లకి 700 చొప్పున ఆటో మేమే పెట్టుకున్నాం. ఆఫీసులో అడిగితే మ్యాప్ చూపించారు. అందులో మా వాగు సన్నటి నీలం గీత.

అక్టోబరు వానలకి ఆటో రాక పాప ఆరు రోజులు ఇంట్లోనే ఉంది. హాజరు తగ్గిందని టీచరమ్మ ఫోన్ చేసింది. పాపం, ఆవిడ చేసేదేముంది?

చదువుకి ఐదు, దారికి ఒకటి. సగం చేస్తే మూడు.

మీ ఊళ్లో సంతకాలు అడిగితే పెట్టొద్దని చెప్పను. దూరం ఏ దారిన కొలిచారో తీర్మానంలో రాయించాకే పెట్టండి. మాకు ఆ రోజు అది తట్టలేదు.