రోబోకాన్‌కి పుణె వెళ్లినప్పుడు: బస, సరుకు రవాణా, ఒక కప్లింగ్

2018 మార్చిలో మా కాలేజీ టీమ్ డీడీ రోబోకాన్‌కి, అంటే దూరదర్శన్ పెట్టే కాలేజీల రోబో పోటీకి, పుణె వెళ్లింది. జాతీయ పోటీలు తర్వాత ఢిల్లీకి మారాయి, అయినా జూనియర్లు ఇప్పటికీ ఫోన్ చేసి "అన్నా, రోబోని ఎలా తీసుకెళ్లారు, ఎక్కడ దిగారు" అని అడుగుతూనే ఉంటారు. కోడ్ గురించి అడిగేవాళ్లు తక్కువ. ఆ ప్రశ్న చాలా సరైనదని నా నమ్మకం, ఎందుకంటే ఎనిమిది నెలలు ల్యాబ్‌లో పడ్డ కష్టం చివరి నాలుగు రోజుల్లో బస, ప్రయాణం, రిపేర్ల దగ్గర ఎలా చేజారుతుందో దగ్గరుండి చూశాను.

ఇక్కడ గెలిచిన టీమ్ వెళ్లే అంతర్జాతీయ పోటీ ఆ ఏడాది వియత్నాంలోని నిన్ బిన్‌లో జరిగింది. ఆతిథ్యమిచ్చే దేశమే ఆట నిర్ణయిస్తుంది కాబట్టి వాళ్ల సంప్రదాయ ఆట 'నెమ్ కోన్' పెట్టారు, అంటే కుచ్చుల తోక ఉన్న బంతిని ఎత్తైన రింగులోంచి విసరడం. మనిషి నడిపే మాన్యువల్ రోబో బంతిని అందిస్తే, తనంతట తాను నడిచే ఆటోమేటిక్ రోబో నేల మీది తెల్ల గీతలు చూసుకుంటూ వెళ్లి విసరాలి. టైమ్ మూడు నిమిషాలు. బంగారు బంతి రింగు దాటి కప్పులో పడిందా, 'రోంగ్ బే', మ్యాచ్ అక్కడితో అయిపోతుంది.

మేం చేసిన మొదటి తప్పు రవాణా దగ్గరే. మాన్యువల్ రోబోని విప్పి మాతో కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌లో తీసుకెళ్లాం, ఆటోమేటిక్ రోబోని మాత్రం చెక్కపెట్టెలో పెట్టి ఒక ట్రాన్స్‌పోర్ట్ వాళ్లకి అప్పగించాం. రెండు రోజుల్లో చేరుతుందన్నారు, నాలుగు రోజులు పట్టింది. పెట్టె మీద ఎర్ర పెయింట్‌తో బాణం గుర్తు వేసి 'ఇటు పైకి' అని హిందీలో కూడా రాశాం కానీ, ఊరి బయట గోడౌన్‌లో మాకు అది తలకిందులుగా కనిపించింది. తెరిచి చూస్తే ఎడమ చక్రాన్ని మోటార్‌తో కలిపే కప్లింగ్ వంగిపోయి ఉంది. మా వాడొకడు పెట్టె పక్కనే కూలబడిపోయాడు, కాసేపు ఎవరికీ నోట మాట రాలేదు.

ఆ మధ్యాహ్నం ఒక ఆటో డ్రైవర్ మమ్మల్ని నేరుగా భోసరి ఎంఐడీసీకి, అంటే అక్కడి పారిశ్రామికవాడకి, తీసుకెళ్లాడు. బెజవాడ ఆటోనగర్ ఎలాగో పుణెకి భోసరి అలాగ, సందు సందుకీ ఒక లేత్ మిషన్. ఒక చిన్న షెడ్‌లో పెద్దాయన వంగిన ముక్కని చేతిలో తిప్పి చూసి, వెర్నియర్‌తో కొలిచి, ఒక ఇనుప కడ్డీ ముక్క తీసి మిషన్‌కి బిగించారు. డ్రాయింగ్ అడగలేదు. నలభై నిమిషాల్లో కప్లింగ్ చేతికొచ్చింది, ఇంకా వేడిగా ఉంది, షాఫ్ట్‌లోకి ఎక్కించి చూస్తే వెంట్రుకవాసి తేడా లేదు. మా బెజవాడ లేత్ బాబాయి పని ఎంత శుభ్రంగా ఉంటుందో ఆయన పనీ అంతే. సెన్సార్లు, వైర్లు, కనెక్టర్ల కోసమైతే బుధవార్ పేఠ్‌లోని తప్కీర్ గల్లీకి వెళ్లండి, మనకి హైదరాబాద్ కోఠి ఎలాగో అది అలాగ. కానీ పోటీ జరిగే బలేవాడి నుంచి ఆ ఇరుకు సందుల్లోకి వెళ్లి రావడానికి మాకు సగం రోజు పట్టింది, కాబట్టి జాబితా రాసుకుని ఒకేసారి కొనుక్కోవాలి.

బస సంగతి. కోణార్క్ తెల్లవారుజామున బెజవాడలో ఎక్కితే పుణెలో అర్ధరాత్రి దింపుతుంది, అందుకే మొదటి రెండు రాత్రులకి స్టేషన్ దగ్గరి లాడ్జి తీసుకున్నాం. చవక, ఎదురుగానే టీ కొట్టు, అంతవరకు బాగానే ఉంది. బలేవాడి స్టేడియం మాత్రం ఊరికి అటు చివర, ముంబై హైవే పక్కన, రోజూ సామాన్లతో వెళ్లి రావడానికే ఓపిక అయిపోయింది. పైగా ఆ లాడ్జిలో రోబోని నేల మీద పెట్టి నడిపించే చోటే లేదు. మూడో రోజు స్టేడియానికి దగ్గర్లోని వాకడ్‌లో ఒక చిన్న హోటల్‌కి మారాం. గదికి నాలుగు వందలు ఎక్కువైంది, ఒక్క బాత్రూమ్‌లోనే వేడినీళ్లు సరిగ్గా వచ్చేవి, అయినా నేను దానికే ఓటేస్తాను, ఎందుకంటే మేనేజర్ సెల్లార్‌లో కార్లు పక్కకి జరిపించి "రాత్రంతా వాడుకోండి బేటా" అన్నారు. నేల మీద తెల్ల టేప్ అంటించి రెండింటి దాకా గీత మీద నడిపించుకున్నాం. గది బుక్ చేసేముందు ఏసీ ఉందా అని కాకుండా సెల్లార్ ఉందా, రాత్రి ప్లగ్ పాయింట్ ఇస్తారా అని అడగండి.

తిండికి ఇబ్బంది లేదు. పొద్దున పోహా, టీ. మొలకల కూరతో చేసే మిసళ్ మన కారానికి తక్కువేం కాదు. మూడో రోజుకి అందరికీ పప్పన్నం మీద మనసు పోతే హింజవాడి వైపు ఒక ఆంధ్రా మెస్ దొరికింది, అక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో మనవాళ్లు చాలామంది. ఆవకాయ డబ్బా మా టేబుల్ మీదే ఖాళీ అయింది.

స్టేడియం గురించి చెప్పాలంటే, 1994 జాతీయ క్రీడల కోసం కట్టింది, లోపలికి అడుగుపెట్టగానే ఒళ్లు జలదరించింది. దేశం నలుమూలల నుంచి వచ్చిన టీములు, డ్రిల్లింగ్ మోత, గాలి కంప్రెసర్ల చప్పుడు. మేం విసిరే చేతికి గాలిని రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాల్లో నింపుకునేవాళ్లం, నిర్వాహకులు పెట్టిన కంప్రెసర్ దగ్గర క్యూ ఉన్నా త్వరగానే కదిలేది. టీములు రోబోల్ని సరిచేసుకునే పిట్ టేబుళ్ల దగ్గర ప్లగ్ పాయింట్లు మాత్రం చాలవు, పొడవాటి ఎక్స్‌టెన్షన్ బోర్డు తీసుకెళ్లండి.

మొదటి మ్యాచ్‌లో మా ఆటోమేటిక్ రోబో నాలుగు అడుగులు వేసి పక్కకి తిరిగిపోయింది. టీవీ లైట్ల వెలుగులో సెన్సార్లకి నేలా గీతా ఒకటే అయిపోయాయి, సెల్లార్‌లో ట్యూబ్‌లైట్ కింద తీసిన రీడింగులు అక్కడ పనికిరాలేదు. టెన్షన్‌తో చేతులు వణుకుతుంటే పక్క టేబుల్ మీది గుజరాత్ టీమ్ అబ్బాయి నల్ల ఫోమ్ షీట్ తెచ్చిచ్చాడు, దాన్ని పీలికలుగా కోసి సెన్సార్ల చుట్టూ లంగాలా అంటించాం. రెండో మ్యాచ్‌లో రోబో గీత తప్పలేదు. మొదటి బంతి రింగులోంచి వెళ్లింది, రెండోదీ వెళ్లింది. బంగారు బంతి రింగు అంచుకి తగిలి కింద పడింది. మా సారు ఏమీ అనకుండా అందరి భుజాల మీదా ఒకసారి చెయ్యి వేశారు. లీగ్ దశలోనే బయటికొచ్చేశాం.

వచ్చేటప్పుడు రెండు రోబోలనీ విప్పి మాతోనే రైల్లో తెచ్చుకున్నాం, బ్యాటరీల టెర్మినళ్లకి టేప్ చుట్టి బ్యాగుల్లో ఒళ్లో పెట్టుకున్నాం. భోసరి పెద్దాయన చేసిన కప్లింగ్ ల్యాబ్‌లో ఇంకా ఉంది. పోయినేడు కొత్త బ్యాచ్ వాళ్లు దాన్ని తమ రోబోకి వేసుకున్నారు.